పాచిపని అనగానేమి?

ఎక్కడో పెద్ద ఊళ్లో ఎవరో పెద్ద ఆఫీసరుకు కోపం ఎక్కువైతే, కొండరేవులో గున్నమ్మ ఉద్యోగం మీదికి వచ్చింది. వినడానికి విడ్డూరంగా ఉంటుంది గాని, జరిగింది అంతే.

తీర సుందరీకరణ శాఖ అని ఒకటుండేది. సముద్రం ఒడ్డున అందం తక్కువైన చోట అందం పెంచడం దాని పని. ఆ శాఖలో ఆఫీసర్లందరూ అర్జీలు పట్టుకొచ్చిన వాళ్ల మీద కసురుకుంటున్నారని పైకి ఫిర్యాదులు పోయాయి. కసరడం మానండి అని ఒక్క ముక్క రాసి పంపితే సరిపోయేది. కాని అంత సులువుగా తేలిపోతే శాఖకు పరువేముంటుంది? అందరికీ పైనున్న పెద్దాయన శిక్షణ కోసమని ఎక్కడికో పోయి, అక్కడ హోటలు వసారాలో గాజుతొట్టెలో ఉన్న చేపను చూస్తూ నలభై నిమిషాలు కూర్చున్నాడట. ఆ నలభై నిమిషాలూ ఆయన ఎవరినీ తిట్టలేదట. ఆ వేళప్పుడు అక్కడ తిట్టడానికి ఎవరూ లేరన్న సంగతి ఆయనకూ తోచలేదు, తోచినవాళ్లు చెప్పనూ లేదు.

ఇంకేముంది, ప్రశాంత గృహ జల పథకం పుట్టింది. రాష్ట్రంలో నలభై రెండు మంది ఆఫీసర్ల ఇళ్లలో నలభై రెండు ఉప్పునీటి తొట్టెలు. ఒక్కో తొట్టెలో ఎనిమిదేసి బ్లెన్నీ చేపలు. ఆఫీసరు రోజూ నలభై నిమిషాలు తొట్టె ముందు కూర్చుని, ప్రశాంతత కలిగిన వెంటనే రిజిస్టరులో సంతకం పెట్టాలి. కలగకపోతే ఎందుకు కలగలేదో రాతపూర్వకంగా తెలియజేయాలి.

కొండరేవు ఆఫీసరు జగదీశ్వరరావు గారి బంగళా సముద్రానికి వంద అడుగుల దూరంలో ఉంటుంది. హాల్లో ఆయన భార్య ఇందుమతి గారు అద్దాల బీరువా పెట్టుకున్న చోటే తొట్టె పెట్టాలని కొలతల కాగితంలో ఉంది కాబట్టి, బీరువా పడగ్గదిలోకి పోయింది, పడగ్గదిలోని కుట్టుమిషను వసారాలోకి పోయింది, వసారాలో గున్నమ్మ చీపుర్లు పెట్టుకునే మూల పోయింది. పెద్ద ఉత్తర్వు ఏది వచ్చినా చివరికి చోటు పోయేది చీపురుకే.

గున్నమ్మ ఆ బంగళాలో పందొమ్మిదేళ్లుగా ఉంది. ఆమె మగడు ఎక్కిన పడవ తుపాన్లో తిరిగి రాలేదు. రెండేళ్ల తర్వాత అలలు వచ్చి ఇల్లు కూడా పట్టుకుపోయాయి. అప్పటి ఆఫీసరు ఎవరో దయగల మనిషి, బంగళా వెనక గది ఇచ్చి పనిలో పెట్టుకున్నాడు. అంట్లు తోమడం, ఇల్లు ఊడ్చి తడిగుడ్డ పెట్టడం, వాకిలి కడగడం. కాగితం మీద ఆ ఉద్యోగం పేరు పాచిపని మనిషి, తాత్కాలికం. ఆ పని ఉన్నన్నాళ్లే ఆ గది. ఆ గది తప్ప ఆమెకు తల దాచుకునే చోటు ఇంకోటి లేదు. అప్పటి నుంచి లెక్కేస్తే జగదీశ్వరరావు గారు ఏడో ఆఫీసరు. ఏ అమ్మగారికి చారులో ఇంగువ పడదో, ఏ అయ్యగారు పిల్లిని చూస్తే బల్లెక్కుతారో అన్నీ గున్నమ్మకు గుర్తు. ఒక్క అక్షరం రాదు గాని, ఒకసారి చదివి వినిపించిన కాగితం తేదీతో, నంబరుతో సహా ఆమె బుర్రలో ఉండిపోయేది.

చేపలు విమానంలో వచ్చాయి. విశాఖపట్నంలో దిగి, అక్కడి నుంచి చల్లగా ఉండే బండిలో, ముందు ఒక జీపు నడుస్తుండగా వచ్చాయి. హెడ్ గుమస్తా కామేశం గారు స్వయంగా సంచులు విప్పి తొట్టెలో వదిలారు. వేలెడంత చేపలు, మట్టిరంగు ఒంటిమీద మచ్చలు, గుడ్లు బయటికి పొడుచుకొచ్చిన కళ్లు, కళ్ల మీద చిన్న చిన్న కుచ్చులు. ఈదడం మీద పెద్ద ఆసక్తి లేదు వాటికి. రాయెక్కి, ముందు రెక్కల మీద ఒళ్లు ఆనించి, భోజనం చేసొచ్చి కుర్చీలో వాలిన కామేశం గారి లాగే కూర్చున్నాయి.

గున్నమ్మ తడిచెయ్యి కొంగుకు తుడుచుకుంటూ వచ్చి చూసి, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వింది.

"ఓలమ్మ! ఈటినేటి బాబూ ఇమానంలో తెచ్చినారు? ఇవి మా రాళ్లమీద గెంతుతాయి కదా. వల్లో పడితే తీసి ఇసిరీడమే. పేరైనా లేదు ఈటికి."

"పేరు లేనిది మీ పేటలోనే. ప్రభుత్వంలో ఉంది," అన్నారు కామేశం గారు. "బ్లెన్నీ."

"కిటికీలోంచి సూడండి బాబూ, అదిగో, ఆ నల్లరాతి మీద..."

"ఆ రాయి మన శాఖది కాదు. దాని మీద ఉన్నవి మనకు కనబడవు. ముందు నీ మెమో విను." ఆయన గొంతు సవరించుకుని చదివారు. "మెమో నంబరు నూట పదకొండు. మూడవ అంశం. తొట్టె అద్దములయందు గాని, లోపలి రాళ్లయందు గాని పాచి లేశమాత్రమును కనిపించరాదు. సదరు పాచిని పాచిపని మనిషి ఉదయము, సాయంత్రము గీకి తొలగించవలెను. అర్థమైందా?"

"అయింది బాబూ. మరి ఈటికి కూడేటి?"

"గుళికలు పంపారు. పూటకు పద్నాలుగు. ఎక్కువ తక్కువలు కుదరవు."

అప్పటి నుంచి గున్నమ్మ రెండు పూటలా గీకింది. అద్దానికి లోపలొక బిళ్ళ, బయటొక బిళ్ళ. బయటది జరిపితే లోపలిది అయస్కాంతం పట్టుకుని దాని వెంటే నడుస్తుంది. అది పచ్చగా పట్టిన పాచినంతా లాగేసేది. తర్వాత రాళ్లు ఒక్కొక్కటే తీసి పీచుతో తోమేది. రెండు వారాలకు తొట్టె కంసాలి అంగట్లో అద్దంలా తళతళలాడింది. చేపలు మాత్రం రాళ్లెక్కి, నున్నటి రాతికి మూతులు ఆనించి, గీకి గీకి, ఏమీ దొరక్క, మళ్లీ గీకేవి. గుళికలు పక్కనే పడి ఉబ్బిపోయేవి. పొట్టలు లోపలికి పోయి వెన్నుకు అంటుకున్నాయి. మూడో వారంలో నాలుగో నంబరు చేప వెల్లకిలా తేలింది.

కామేశం గారు చేపను కవరులో పెట్టి, సీలు వేసి, జగదీశ్వరరావు గారి ముందుకు ఫైలు తెచ్చారు.

"తిండి ఉంది సార్. తినలేదు. మిగతా ఏడూ తినడం లేదు. తిండి ముందు పెట్టుకుని తినకపోవడాన్ని నిబంధనల్లో ఏమంటారంటే, నిరాహార దీక్ష."

జగదీశ్వరరావు గారు కుర్చీలోంచి లేచి నిలబడ్డారు. ఆయన ఉద్యోగ జీవితంలో దీక్షలు చూశారు. ఒక దీక్ష పాడైతే ఎంతమంది ఆఫీసర్లు బదిలీ అవుతారో కూడా చూశారు. వెంటనే పైకి ఫోను చేశారు.

"సార్, మా ఇంట్లో ఏడుగురు దీక్షలో ఉన్నారు సార్. ఒకరు పరమపదించారు. అవును సార్, హాల్లోనే. డిమాండ్లా? ఇంకా బయటపెట్టలేదు సార్. నోళ్లు తెరుస్తున్నారు, మూస్తున్నారు, మాట మాత్రం రావడం లేదు. శిబిరం చుట్టూ బందోబస్తు పెట్టించాను సార్."

బందోబస్తు అంటే గున్నమ్మే. తొట్టె పక్కన స్టూలు వేసి కూర్చోబెట్టారు, బయటి చేపలెవరూ వచ్చి సంఘీభావం తెలపకుండా.

"బాబూ, దీచ్చా గీచ్చా కాదు. ఆకలి," అంది గున్నమ్మ.

"ఆకలి అని మనం రాయకూడదు," అన్నారు కామేశం గారు. "ఆకలి అంటే తప్పు మనదవుతుంది. దీక్ష అంటే తప్పు వాళ్లదవుతుంది."

మూడో రోజుకు పై నుంచి ఆదేశం వచ్చింది. దీక్షను గౌరవప్రదంగా విరమింపజేయాలి, ఆనవాయితీ పాటించాలి. ఆనవాయితీ ఏమిటో తెలుగునాట పుట్టినవాళ్లెవరికీ చెప్పక్కర్లేదు. ఉదయం తొమ్మిదింటికి జగదీశ్వరరావు గారు ఇస్త్రీ చొక్కా వేసుకుని, ఫోటోగ్రాఫరును పక్కన పెట్టుకుని, గాజుగ్లాసుతో తొట్టె దగ్గర నిలబడ్డారు. గ్లాసులో నిమ్మరసం. ముందు ఎడమవైపు చూస్తూ ఒక ఫోటో, తర్వాత చిరునవ్వుతో ఒకటి. గున్నమ్మ గ్లాసు పట్టుకోబోయింది.

"బాబుగోరూ, నీ కాళ్లు మొక్కుతాను. పులుపు పడితే సచ్చిపోతాయి. పోయకండి."

"పక్కకు తప్పుకో, ఫ్రేములోకి వస్తున్నావ్," అన్నాడు ఫోటోగ్రాఫరు.

మర్నాడు పొద్దున్నకు ఒకటో నంబరు, ఏడో నంబరు తేలి ఉన్నాయి. కామేశం గారు పైకి పంపిన నివేదికలో ఇలా రాశారు: "నిమ్మరసము స్వీకరించిన పిమ్మట ఇద్దరు దీక్ష విరమించినారు. మిగిలిన వారితో చర్చలు కొనసాగుచున్నవి." ఈ విజయానికి పై ఆఫీసు వాళ్లు జగదీశ్వరరావు గారిని అభినందిస్తూ ఉత్తరం రాశారు.

అదే కవరులో ఇంకో ఉత్తరం గున్నమ్మకు వచ్చింది. కామేశం గారు గుమ్మం దగ్గర నిలబడి చదివారు. "మెమో నంబరు నూట ఇరవై ఆరు. తొట్టె సంరక్షణ పాచిపని మనిషి విధి గనుక, ఇకమీదట ఒక్క చేప మరణించినను, సదరు పాచిపని మనిషిని విధులనుండి తొలగించి, గది ఖాళీ చేయించవలెను. అదే విధముగా, తొట్టెయందు పాచి కనిపించినను తొలగించవలెను."

గున్నమ్మ మనసులో లెక్క వేసుకుంది. గీకితే చేప చస్తుంది. గీకకపోతే పాచి కనిపిస్తుంది. ఎటు చూసినా ఆమె సామాను వీధిలోనే ఉంది.

ఆ మధ్యాహ్నం ఆమె ఇందుమతి గారి దగ్గరికి పోయింది. ఆవిడ మంచి మనిషే. కాకపోతే గోదావరి జిల్లా ఆవిడ, గున్నమ్మ మాట సగం చెవిలో పడేసరికి మిగతా సగం తనే కల్పించుకునేది.

"అమ్మగోరూ, ఆటి కూడు పాచండీ. పాచి పెడితే బతుకుతాయి."

"పాచి కూడు కావాలా? పాచిపోయిన అన్నమా? అయ్యో, ఆ మాట ముందే చెప్పొద్దూ! మనం చక్కగా తాజావి పెడుతుంటే పాపం ఎలా తింటాయి?" ఆవిడ అప్పటికే ఫోను అందుకున్నారు. "ఏమండీ, చేపలకు పాచివి కావాలట. అవునండీ, గున్నమ్మ చెప్పింది. పేటలో పుట్టిన మనిషి, దానికి తెలీదా?"

"అది కాదమ్మా, పాచంటే రాతిమీద..." అని గున్నమ్మ అనేలోపే మాట ఆఫీసుకు చేరిపోయింది. ఆఫీసుకు చేరిన మాట ఇక అన్నవాళ్లది కాదు.

కామేశం గారు నిఘంటువు తెప్పించారు. పాచి అనే మాట దగ్గర వేలు పెట్టి పైకి చదివారు. మొదటి అర్థం, నిలవ ఉండి చెడినది. రెండో అర్థం, నీళ్లలో రాళ్లకు పట్టే పచ్చని...

"ఆపండి," అన్నారు జగదీశ్వరరావు గారు. "మొదటిది సరిపోతుందా?"

"సరిపోతుంది సార్. మొదటి అర్థం ఉండగా రెండోదాని దగ్గరికి పోవడం, మిమ్మల్ని దాటి పై ఆఫీసుకు పోవడం లాంటిది."

"మరి ఈ పాచి ఎవరు తయారుచేస్తారు? కొత్తగా పోస్టు అడగాలంటే ఏడాది పడుతుంది."

కామేశం గారు నవ్వారు. ఆ నవ్వులో ముప్పైయేళ్ల అనుభవం ఉంది. "పోస్టు ఉండనే ఉంది సార్. పాచిపని మనిషి. పేరులోనే విధి ఉన్నది."

అలా మెమో నంబరు నూట ముప్పై ఒకటి పుట్టింది. "చేపలకు కావలసిన పాచిని తయారుచేసి సమకూర్చు బాధ్యత పాచిపని మనిషిదే." కింద కామేశం గారి సంతకం, దాని కింద జగదీశ్వరరావు గారి సంతకం.

ఇడ్లీలైతే నీళ్లలో తేలిగ్గా విరుగుతాయని ఇడ్లీలు ఖాయం చేశారు. గున్నమ్మ సోమవారం ఇడ్లీలు వండాలి. గురువారం వాటిని ఆఫీసుకు తీసుకుపోవాలి. కామేశం గారు వాసన చూసి పాచి ధ్రువపత్రం ఇవ్వాలి. అది లేనిదే తొట్టెలో వేయకూడదు. మొదటి గురువారం ఆయన ఇడ్లీ ముక్కు దగ్గర పెట్టుకుని, కళ్లు మూసుకుని, తల అడ్డంగా ఊపారు.

"ఇంకా తాజాదనం ఉంది. రేపు రా."

"ఇది పులిసి బూజు పట్టింది బాబూ, సూడండి!"

"బూజు వేరు, పాచి వేరు. బూజుకు మనకు ఉత్తర్వు లేదు."

శుక్రవారం ధ్రువపత్రం వచ్చింది. ఇడ్లీలు తొట్టెలో పడ్డాయి. సాయంత్రానికి నీళ్లు గంజిలా తెల్లబడి, హాలంతా కంపు. మిగిలిన అయిదు చేపలూ నీటి పైకొచ్చి నోళ్లు తెరుచుకుని నిలబడ్డాయి. రెండో నంబరు చేపకు ఎడమ కంటి మీది కుచ్చు ఊడిపోయింది. అది రాయెక్కే ఓపిక లేక, అద్దానికి ఆనుకుని, గున్నమ్మ వైపే చూస్తూ ఉండిపోయింది.

గున్నమ్మ బిందె తీసుకుని సముద్రానికి పోయింది. బిందె మీద బిందె, పదకొండు బిందెలు మోసి తొట్టెలో నీళ్లు సగానికి సగం మార్చింది. పనిలో పనిగా ఒడ్డున అలలు తగిలే చోట బాగా పాచి పట్టిన రాళ్లు రెండు కొంగులో చుట్టి తెచ్చి, తొట్టెలో ఓ మూల పెట్టింది. రెండో నంబరు చేప కాసేపు అనుమానంగా చూసింది. తర్వాత మెల్లగా జరిగి, రాతికి మూతి ఆనించి, ఒక్కసారి గీకింది. అంతే, ఇక తల ఎత్తలేదు. మిగతా నాలుగూ వచ్చి చేరాయి. ఎన్నాళ్లకో పెళ్లిభోజనం దొరికిన వాళ్లలా ఒకదాన్నొకటి తోసుకుంటూ గీకుతున్నాయి.

"తినండమ్మా, తినండి," అంది గున్నమ్మ. "నాను గీకను. పోతే పోతాది ఉద్దోగం."

పోతే పోతుంది అంది గాని, ఆ మాట అన్నాక వెనక గదిలోకి పోయి, తన మంచాన్ని, చెంబును, గోడమీది దేవుడి పటాన్ని ఒకసారి చూసుకుంది.

ఆ రోజు నుంచి ముందు అద్దం మాత్రమే గీకింది. వెనక అద్దం, పక్కలు, రాళ్లు అలాగే వదిలేసింది. ధ్రువపత్రం పొందిన ఇడ్లీలు కాకులకు వేసింది. నెలకల్లా తొట్టె లోపల పచ్చటి తివాచీ పరిచినట్టు పాచి పట్టింది. చేపల పొట్టలు గుండ్రంగా వచ్చాయి. ఒకనాడు ఇందుమతి గారు తొట్టె ముందు చాలాసేపు నిలబడి, గున్నమ్మను పిలిచారు.

"గున్నమ్మా, నువ్వు అన్నది ఈ పాచా?"

"అవునమ్మా."

"అయ్యో రామ. నేనేం విన్నానో, ఏం చెప్పానో." ఆవిడ పెదవి కొరుక్కున్నారు. "సరే. నేనేమీ చూడలేదు, నువ్వేమీ చెప్పలేదు. ఆయన ఎలాగూ తొట్టె ముందు కూర్చుని సెల్లు చూసుకుంటారు."

ఇంతలో పథకానికి ఏడాది నిండింది. నలభై రెండు ఇళ్లూ తనిఖీ చేయడానికి ప్రత్యేక పరిశీలనాధికారి బయల్దేరాడు. నలభై ఒక్క ఇళ్లు చూసుకుని చివరగా కొండరేవు వచ్చాడు. సన్నగా, ఎత్తుగా, చేతిలో అట్టకు తగిలించిన ఫారంతో హాల్లో నిలబడి, తొట్టె చూసి రెండడుగులు వెనక్కి వేశాడు.

"ఇదేమిటి? ఇందులో ఏవో కదులుతున్నాయి!"

"చేపలండి," అన్నారు జగదీశ్వరరావు గారు వినయంగా.

"బతికున్నవా?"

"అయిదు బతికే ఉన్నాయి సార్."

పరిశీలనాధికారి మొహం చిట్లించాడు. "నేను చూసిన నలభై ఒక్క తొట్టెల్లోనూ ఎక్కడా ఈ ఇబ్బంది లేదు. నీళ్లు నిర్మలంగా ఉన్నాయి. అద్దాల్లో నా మొహం నాకు కనిపించింది. చేపలన్నీ పోయిన చోట తొట్టె ఎంత శుభ్రంగా ఉంటుందో మీరు ఊహించలేరు." ఆయన వంగి లోపలికి చూశాడు. "ఇక్కడేమో గోడలంతా పాచి. రాళ్లంతా పాచి."

"కాని సార్, చేపలు బతికున్నది మా ఒక్క ఇంట్లోనే కదా..."

"జగదీశ్వరరావు గారూ, ఫారం చూడండి. అద్దం మెరుపు, పది మార్కులు. నీటి తేట, పది మార్కులు. రాళ్ల శుభ్రత, పది. రిజిస్టరు నిర్వహణ, పది. మూతకు రంగు, అయిదు. చేప అనే గడి ఎక్కడైనా ఉందా? లేనిదానికి నేనెక్కడి నుంచి మార్కులు తేను? మిగతా నలభై ఒక్కరికీ ఉత్తమం ఇచ్చాను. మీకు అధమం." ఆయన ఎర్ర సిరాతో ఒక గీత గీసి, తల ఎత్తాడు. "బాధ్యులెవరు?"

జగదీశ్వరరావు గారి వేలు, ఇల్లంతా తిరగకుండానే, నేరుగా గున్నమ్మ వైపు తిరిగింది.

మెమో నూట ఇరవై ఆరు ఉండనే ఉంది. కామేశం గారు అక్కడికక్కడే తొలగింపు ఉత్తర్వు రాయడానికి కూర్చున్నారు. గది సాయంత్రంలోగా ఖాళీ చేయాలి. పాచి మొత్తం వెంటనే గీకించాలి. ఇందుమతి గారు తలుపు దగ్గర నిలబడి, "ఏమండీ, ఒక్కసారి ఆలోచించండి," అన్నారు. ఆయన వినలేదు. నలభై రెండో స్థానం వచ్చిన మనిషికి ఇంట్లో మాట వినబడదు.

గున్నమ్మ ఏడవలేదు, కాళ్లు పట్టుకోలేదు. కామేశం గారి కలం వైపు చూస్తూ నిలబడింది. ఆయన్ను ఇరవై ఏళ్లుగా చూస్తోంది. ఆయన జాలికి కరగడు, తిట్టుకు బెదరడు. కాని ప్రశ్న ఒకటి ముందు పెడితే మాత్రం అన్నం మానేసి దాని చుట్టూ తిరుగుతాడు. రెండో ఆఫీసరు కాలంలో బంగళా గేటు లోపలికి తెరుచుకోవాలా, బయటికి తెరుచుకోవాలా అని ఎవరో అడిగారు. ఆ ఫైలు ఇప్పటికీ తిరుగుతూనే ఉంది. గేటు ఈనాటికీ కొబ్బరితాడుతో కట్టే ఉంది.

"బాబూ," అంది గున్నమ్మ, "పోతాను. కానీ ఏ పని సెయ్యలేదని పంపేత్తన్నారో అది సెప్పండి."

"పాచిపని," అన్నారు కామేశం గారు తల ఎత్తకుండా.

"పాచిపని అంటే ఏటి బాబూ?"

"అదేం ప్రశ్న? పాచి తీసే పని."

"అలాగనకండి. మెమో నంబరు నూట పదకొండు, మూడో అంశం, పాచిని పాచిపని మనిషి గీకి తొలగించవలెను. మెమో నంబరు నూట ముప్పై ఒకటి, చేపలకు కావలసిన పాచిని తయారుచేసి సమకూర్చు బాధ్యత పాచిపని మనిషిదే. రెంటికీ మీ సంతకమే. తియ్యమన్నారు, సెయ్యమన్నారు. నాను సేసినాను. ఇప్పుడు పాచి కనబడితే పని సేసినట్టా, సెయ్యనట్టా?"

కలం ఆగింది.

కామేశం గారు రెండు మెమోలూ తెప్పించి పక్కపక్కన పెట్టుకున్నారు. ఒకటి చదివారు. రెండోది చదివారు. మళ్లీ మొదటిది. ఆయన మొహం మీద మెల్లగా ఒక వెలుగు వచ్చింది, చాలాకాలానికి చుట్టం కనబడినట్టు.

"సార్," అన్నారు, "ఇందులో ఒక అంశం ఇమిడి ఉంది."

"ఏ అంశమూ లేదు! రెండో మెమో కొట్టేయవయ్యా!" అని అరిచారు జగదీశ్వరరావు గారు.

"కొట్టేస్తే ఎనిమిది నెలల ఇడ్లీలు అక్రమం అవుతాయి సార్. ధ్రువపత్రాలు నావి, ఆమోదం తమది."

"అయితే మొదటిది కొట్టెయ్!"

"అది కొట్టేస్తే పాచి ఉండటం సక్రమం అవుతుంది. అప్పుడు పరిశీలనాధికారి గారు ఇచ్చిన అధమం తప్పవుతుంది."

పరిశీలనాధికారి తన ఫారాన్ని గుండెకు హత్తుకున్నాడు. "నా మార్కులు తప్పవ్వడానికి వీల్లేదు. అలాగైతే మిగతా నలభై ఒకటీ మళ్లీ చూడాలి."

ముగ్గురూ ఒకరి కాగితాల వైపు ఒకరు చూసుకున్నారు. తొట్టెలోంచి చేప రాయి గీకుతున్న చిన్న చప్పుడు కూడా వినిపించింది.

"మరి ఏం చేద్దామంటారు?" అని నీరసంగా అడిగారు జగదీశ్వరరావు గారు.

"స్పష్టత కోరుదాం సార్," అన్నారు కామేశం గారు, దేవుడి పేరు చెప్పినంత భక్తిగా. "పాచిపని అనగా పాచిని తొలగించు పనియా, పాచిని కలిగించు పనియా, లేక రెండునూ కలిసిన పనియా. పై నుంచి జవాబు వచ్చేదాకా యథాతథ స్థితి. అంటే ఎవరూ ఏదీ గీకకూడదు, ఎవరినీ తీసెయ్యకూడదు. ఏ పనో తేలని పనిలోంచి మనిషిని ఎలా తొలగిస్తాం?"

ఆయన తొలగింపు ఉత్తర్వును నాలుగు మడతలు పెట్టి జేబులో వేసుకుని, తెల్లకాగితం తీసి, ఒత్తుగా, అందంగా, పెద్ద అక్షరాలతో ప్రశ్న రాశారు.

ఆ ఫైలు పై ఆఫీసుకు పోయింది. పై ఆఫీసు వాళ్లు నలభై ఒక్క ఇళ్లలో పాచిపని మనుషులు ఏం చేస్తున్నారో చెప్పమని అడిగారు. తమ పాచిపని మనుషులు అంట్లు తోముతున్నారని అక్కడి అమ్మగార్లు రాశారు. అంట్లకు పట్టేది పాచి అవుతుందా, జిడ్డు అవుతుందా అని అక్కడొక చిక్కు వచ్చి, భాష తెలిసిన పెద్దలతో ఒక సంఘం వేశారు. సంఘంలో సగంమంది నిఘంటువులో మొదటి అర్థం పక్షాన నిలబడ్డారు, సగంమంది రెండో అర్థం పక్షాన. వాళ్లు ఒకరితో ఒకరు మాట్లాడుకోవడం మానేశారని విన్నాం. ఈలోగా కామేశం గారు రిటైరయ్యారు. ఆ ఫైలు వదిలి వెళ్లాల్సి వచ్చినందుకు ఆయన కళ్ల నీళ్లు పెట్టుకున్నారట. జగదీశ్వరరావు గారికి బదిలీ అయింది. ఇందుమతి గారు వెళ్లేటప్పుడు గున్నమ్మకు రెండు చీరలు పెట్టి, తొట్టె అద్దం మీద చెయ్యి వేసి, చేపలకు కూడా చెప్పి వెళ్లారు.

ఎనిమిదో ఆఫీసరు వయసులో చిన్నవాడు, సరుకులింకా విప్పలేదు. మొదటి రోజు పొద్దున్నే హాల్లో తిరుగుతూ తొట్టె దగ్గర ఆగిపోయాడు. యథాతథ స్థితి కాబట్టి ముందు అద్దం కూడా ఎవరూ ముట్టుకోలేదు, నాలుగు పక్కలా దట్టంగా పచ్చదనం. ముందు అద్దంలో ఒక్కచోట మాత్రం తమలపాకంత మేర పాచి పోయి అద్దం కనబడుతోంది, చేపలే లోపల్నుంచి తిని చేసుకున్న కిటికీ. ఆ కిటికీలోంచి ఒక కంటి మీద కుచ్చు లేని చేప ఒకటి, బాగా బలిసినది, గుడ్లు మిటకరించి కొత్త ఆఫీసరును కింది నుంచి పైదాకా చూస్తోంది.

ఆయన వెనక్కి తిరిగేసరికి గున్నమ్మ కాఫీ గ్లాసుతో నిలబడి ఉంది.

"నువ్వు ఇక్కడ ఏం పని చేస్తావమ్మా?" అని అడిగాడు.

"ఇంకా తేల్లేదు బాబూ," అంది గున్నమ్మ గ్లాసు చేతికిస్తూ. "పైన సూత్తన్నారు."